ఏదీ, చెయ్యి చూపు

మా వీరరాఘవ మామ లోకంలో ఎవరినీ నమ్మడు. మా రాజపాళయంలో ఒక నూలు మిల్లు గేటు దగ్గర, ఇళ్ళకు పోయే పనివాళ్ళ టిఫిన్ డబ్బాలు తెరిపించి, నూలు కండెలేమైనా బయటికి పోతున్నాయేమో చూసి పంపడమే ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక మిల్లు ఆయనను వదిలింది గాని ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ఊరంతా గేటు చేసుకున్నాడు.

మా ఊరు కాపలా కుక్కలకు పేరుపడ్డది. మామ ఇంట్లోనూ ఆ జాతి తెల్లకుక్క ఒకటి ఉంది. అది వచ్చినవాళ్ళ కాళ్ళు నాకుతుంది. అనుమానించే పని యజమానే చూసుకుంటాడు. పాలవాడు రాగానే "ఏదీ, చెయ్యి చూపు" అంటాడు. పాలల్లో నీళ్ళు కలిపిన చెయ్యి మామూలుకన్నా ఎక్కువ తడిగా ఉంటుందని ఆయన నమ్మకం. పూలమ్మే ఆమెను చెయ్యి చూపమంటాడు, మూర పొట్టిదేమోనని. ఒకసారి పెళ్ళిపత్రిక ఇవ్వడానికి వచ్చిన చుట్టాన్ని కూడా వదల్లేదు.

"పత్రికలో ఒక ముహూర్తం వేసి, ఇంకో పూట పెళ్ళి చేసేస్తే?"

"ఏమిటికి మామా అట్లా చేస్తారు?" అన్నాను.

"భోజనం మిగలబెట్టుకునేదానికి."

మా అమ్మాయి దర్శిని ప్లస్ టూ చదువుతోంది. చదువుకు లోటు లేదు. కాని రాసేటప్పుడు పక్కన ఎవరైనా నిలబడి చూస్తే చెయ్యి ఆగిపోతుంది. రివిజన్ పరీక్షలో సూపర్వైజరమ్మ దాని బెంచీ దగ్గర కాసేపు నిలబడిందట. అంతే, సగం పేపరు తెల్లగా ఇచ్చి వచ్చింది. ఆ సంగతి చుట్టాలందరికీ తెలిసిపోయింది. పబ్లిక్ పరీక్షలో సూపర్వైజరే కాదు, ఫ్లయింగ్ స్క్వాడ్ కూడా వస్తుంది. చెప్పకుండా గదిలోకి దిగి, కాపీ చీటీల కోసం పిల్లల చేతులూ డబ్బాలూ వెతికే అధికారులు వాళ్ళు. అప్పుడు దీని గతేమిటి?

నేనూ మా ఆవిడ రుక్మణీ ఆలోచించి ఒక కట్టడి పెట్టాం. పరీక్షలు అయ్యేదాకా దర్శిని గదిలోకి ఎవరూ పోకూడదు, దాన్ని ఎవరూ చూడకూడదు. కాఫీ కూడా తలుపు బయట పెట్టి, ఒకసారి తట్టి వచ్చేయాలి.

మామ వచ్చి ఆ మూసిన తలుపు చూశాడు.

"లోపల ఏం చేస్తాంది?"

"చదువుతాంది మామా."

"నువ్వు చూసినావా?"

"చూడకూడదనే కదా తలుపేసింది!"

"చూడనోడు సాక్షి చెప్పేదానికి వచ్చినాడు" అంటూ మామ తలుపు తోసుకుని లోపలికి పోయాడు.

"ఏదీ, చెయ్యి చూపు. చీటీ ఏమైనా దాచినావా?"

"తాతా! నా ఇంట్లో నాకు చీటీ ఏమిటికి?"

"అదే నేనూ అడుగుతాండా."

ఆ రోజు దర్శిని ఏడ్చింది. మర్నాడూ మామ వచ్చాడు. చెప్పులు టపటపలాడిస్తూ కుర్చీ వెనక నిలబడటం, దగ్గడం, చెయ్యి చూపమనడం. నేను వీధి తలుపు గడియ పెడితే పెరటి దారిన వచ్చాడు.

"తలుపేసినారే, ఏమో ఉండాదనుకున్నా" అన్నాడు.

రుక్మణికి వేరే అనుమానం వచ్చింది. "ఆయన మనవరాలు ఆనంది కూడా ఈ ఏడే రాస్తాండాది. దాన్ని ఒక్క దినమైనా చెయ్యి చూపమన్నాడా? మన పాపను చెడగొట్టేదానికే వస్తాండాడు."

ఆ మాట నాకూ పట్టుకుంది. ఆనాటినుంచి మామను నేను అనుమానించడం మొదలుపెట్టాను. తలుపు పక్కన నిలబడి వినేవాణ్ణి.

"ఈ హాల్ టికెట్టులో ఉండే బొమ్మ నువ్వేనా?"

"కాదు తాతా, మా హెడ్మిస్ట్రెస్."

"అట్లనా? ఆమెను చెయ్యి చూపమను."

లోపల దర్శిని నవ్వింది. నాకు మాత్రం కోపం దిగలేదు.

"మామా, పరీక్షలు అయ్యేదాకా మా ఇంటికి రావద్దు" అని చెప్పేశాను.

ఆయన నా చేతులవైపు చూశాడు. "ఏమి దాస్తాండావు రఘూ?" అన్నాడు. మర్నాడు ఇంకా తొందరగా వచ్చాడు.

లెక్కల పరీక్ష రోజు నేను స్కూలు గేటుకు పోయేసరికి మామ అక్కడే ఉన్నాడు. నిమ్మరసం బండివాడి చెయ్యి చూస్తున్నాడు. గంట కొట్టారు. దర్శిని బయటికి వచ్చింది.

"ఫ్లయింగ్ స్క్వాడ్ వచ్చినారు నాయనా. నా పక్కనే నిలబడినారు."

"ఆగిపోయినావా?"

"నాకు తెలిస్తే కదా! గ్రాఫ్ గీస్తాండాను. వెనక చెప్పుల సద్దు, దగ్గు. తాతే అనుకున్నా. తల ఎత్తకుండా ఎడమ చెయ్యి చాపినా, తిప్పి కూడా చూపినా. 'చాలా, ఇంకా చూడాలా?' అని అడిగేసినా."

"అయ్యో! వాళ్ళేమన్నారు?"

"స్క్వాడ్ మేడం నవ్వేసింది. రాసుకోమ్మా అని పోయింది. అంతా రాసేసినా నాయనా."

నేను మామ వైపు తిరిగాను. ఆయన గోడమీద పోస్టరు చదువుతున్నాడు.

"మామా, ఇన్నినాళ్ళూ దీనికోసమేనా?"

"మిల్లులో కొత్తగా చేరిన ఆడపిల్లలు గేటు దగ్గర వణికిపోతారు రఘూ. ఖాళీ డబ్బా తెరిచేదానికే చెయ్యి ఆడదు. ఊరికే పిలిచి పిలిచి తెరిపిస్తా. కొన్ని దినాలు పోతే, 'మామా, ఈ పొద్దు పులుసు బాగుండాది, చూస్తావా' అని వాళ్ళే నవ్వుకుంటా తెరుస్తారు."

"మరి ఆనందిని ఎందుకు చూడలేదు?"

"దానికి వణుకేడుండాది? రెండు చేతులూ చూపి, కాలికింద దాచే రకం. దాన్ని ఇంకోరకంగా చూస్తాండా."

"అంటే దర్శిని మీద మీకు ఒక్కరోజూ అనుమానం లేదు."

మామ చుట్టూ చూశాడు. "మెల్లగా మాట్లాడు. నలుగురికి తెలిస్తే నా పేరేమయ్యేది?"

దర్శిని ముందుకు వచ్చి నిలబడింది. "తాతా, ఏదీ, చెయ్యి చూపు."

చూపక తప్పలేదు. అరచెయ్యి తడితడిగా ఉంది.

"నిమ్మరసం గ్లాసు పట్టుకున్నా, దాని తడి" అన్నాడు మామ.

బండివాడు వెనకనుంచి అరిచాడు. "అబద్ధం పాపా! పొద్దుటినుంచి ఇక్కడే నిలబడినాడు, ఒక్క గ్లాసు ముట్టలేదు. నా నిమ్మకాయల మీద అనుమానమంట!"