ఒరిగే పడవకు సంతకం పెట్టని మేడమ్

మా మేడమ్ పోయారు. ఆమె తమ్ముడు ఫోన్ చేసి ఆ మాట చెప్పేసరికి నేను పెబ్బేరులో బస్సు దిగుతున్నాను. మూడు నెలలుగా దవాఖానలో ఉన్నారు కాబట్టి ఊహించని కబురు కాదు. అయినా కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు.

ఇటిక్యాల దగ్గర మెట్ట సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, నీటి మీద వేగంగా పోయే పడవలు ఎందుకు ఒరుగుతాయో చదివిన మనిషి ఆమె. "సముద్రం లేని జిల్లాల గీ సదువేంది?" అని చుట్టాలు నవ్వేవారట. "కృష్ణల మునిగితే సావు రాదా?" అని ఆమె ఎదురడిగేవారు.

ఆమె పాఠాలు చెప్పే మా కాలేజీలో ప్రయోగాలు చేయడానికి పెద్ద నీళ్ల తొట్టి లేదు. మేడమ్ మమ్మల్ని జూరాల కాలువ గట్టుకు తీసుకుపోయేవారు. గట్టు వెంట నేను బైకు నడిపేవాణ్ణి. ఆమె వెనక కూర్చొని పొడవాటి వెదురు గడ చివర చెక్క పడవ బొమ్మను కట్టి నీళ్ల మీద లాగేవారు. పొలాల్లోంచి ఎవరో ఒకరు కేకేసేవారు.

"మేడమ్, చాపలు పడ్తున్నయా?"

"పడ్తలేవు. నువ్వొచ్చి జర కట్టె పట్టుకో!"

నిలిచి ఉన్న పడవను నీళ్లు రెండు వైపులా పట్టుకుంటాయని, వేగం అందుకున్నాక అది నీళ్ల మీదికి లేస్తుందని, అప్పుడు అడుగున కొంచెం మేరే తడుస్తుందని ఆ గట్టు మీదే నేర్చుకున్నాను. ఆ స్థితిలో పక్కకు ఒరిగితే, లేపి నిలబెట్టాల్సిన నీరే ఒక్కోసారి ఇంకా ఒరగదోస్తుంది. షేర్ ఆటోలో కూడా ఆమెకు ఇదే ధ్యాస. "గా పక్కకే అందరు గూసుంటే ఎట్ల, జరుగుండ్రి" అని జనాన్ని సర్దేదాకా ఊరుకునేవారు కాదు.

నది దాటించడానికి ఒకాయన స్పీడు బోటు తెచ్చాడు. కొత్త పడవలను పరీక్షించే పని సర్కారు మా కాలేజీకే అప్పగించింది కాబట్టి, మేడమ్ సంతకం పెడితేనే జనాన్ని ఎక్కించుకోవచ్చు. ఒడ్డున నిలిపిన బోటులో పదిమందిని ఒకే అంచున నిలబెట్టి, "సూడుండ్రి, కదుల్తలేదు" అన్నాడు. నిజమే, కదల్లేదు. మేడమ్ మాత్రం నడినదిలో ఏం జరుగుతుందో అడిగారు. అక్కడికి రాగానే కృష్ణమ్మకు పసుపు కుంకుమ, పూలు వేయడానికి మనవాళ్లంతా ఒకే పక్కకు వంగుతారు. ఆ సంగతి బోటు తయారుచేసిన వాళ్లకేం తెలుసు?

మనుషులకు బదులు ఇసుక బస్తాలు వేయించి, పూర్తి వేగంలో వాటిని ఒక పక్కకు జరిపించారు. బోటు ఒరిగింది. ఒరిగి అలాగే ఉండిపోయింది. డ్రైవరు భయపడి వేగం తగ్గించాక గానీ నిలబడలేదు.

"మెల్లగ నడుపుతం మేడమ్" అన్నాడు ఓనరు.

"మెల్లగ నడిపెటందుకా గంత ఇంజిన్ పెట్టినవ్?"

సంతకం పెట్టలేదు. పై నుంచి ఫోన్లు వచ్చినా పెట్టలేదు. అవతలి గట్టు ఊళ్లవాళ్లు "మా దారికి అడ్డం పడ్డది" అని తిట్టారు. ఆ తిట్లకు మాత్రం ఆమె ఏడ్చారు. కళ్లు తుడుచుకొని, "తిట్టనీ. తిట్టెటందుకన్న బతికుంటరు" అన్నారు. ఆమె మీద నాకున్న గౌరవమంతా ఆ మాట దగ్గరే ఉంది.

అదే కాలేజీలో పాఠాలు చెబుతున్న నాకే ఇప్పుడు ఆమె కుర్చీ, ఆ సంతకం పని వచ్చాయి. దినాలు కూడా కాకముందే ఓనరు నా గదికొచ్చాడు.

"పాపం, మేడమ్ పాయె. ఇగ మీరే జర సూడాలె సార్."

"బోటు అడుగు మార్పించినవా?"

"లేదు సార్."

"అయితే సంతకం పెట్ట."

"మేడమే లేదు గద సార్, ఇంకెవలికి భయపడ్తరు?"

"నీళ్లకు" అన్నాను.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ రేవు దగ్గర ఆగాను. దిమ్మెల మీద ఎత్తిపెట్టిన ఆ బోటు కింద నీడలో నాలుగు మేకలు పడుకొని నెమరేస్తున్నాయి.