సువార్త అండం ఎదిగిన నెల

2022. గిద్దలూరులో ఒక లేడీ డాక్టరు గారి క్లినిక్‌లో నేను స్టాఫ్ నర్సును. రాచర్ల వైపు పల్లె నుంచి సువార్త, ఆమె భర్త ప్రసాదు ఆటోలో వచ్చారు. ఇద్దరూ కూలి పనికి పోయేవాళ్లు. పెళ్లయి ఏడేళ్లయినా పిల్లలు లేరు.

ప్రసాదు టోకెన్ కోసం నిలబడినప్పుడు సువార్త నాతో మెల్లగా చెప్పింది. "నా చెల్లిని చేసుకోమని నేనే చెప్పినానక్కా. ఆయన వినలేదు. నన్ను ఈడికి తీసుకొచ్చినాడు."

లోపలికి రాగానే ప్రసాదు, "ముందు నాకు చేయండి మేడమ్ పరీక్ష" అన్నాడు. అలా అడిగిన మగమనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. అతని రిపోర్టు బాగానే వచ్చింది.

నెలసరి గురించి సువార్తను అడిగాను.

"రెండు మూడు నెలలకోసారి వస్తాదక్కా. రాకపోతే పనికి అడ్డం లేదులే అనుకున్నా."

ఆ మాటతో మాకు దారి దొరికింది. ఆడవాళ్లకు గర్భం రాకపోవడానికి తరచూ కనిపించే కారణాలు అండం విడుదల కాకపోవడం, థైరాయిడ్ తేడా, ట్యూబులు మూసుకుపోవడం, గర్భసంచిలో గడ్డలు. డాక్టరు గారు ఒక్కొక్కటే చూశారు. చివరికి పీసీఓడీ అని తేలింది. అంటే అండాశయంలో చిన్న చిన్న అండాలు ఉంటాయి గానీ చాలా నెలల్లో ఏదీ ఎదిగి బయటికి రాదు.

మాత్రలు మొదలుపెట్టి, ఫాలిక్యులర్ స్కాన్‌లో అండం పెరుగుదల చూస్తూ వచ్చాం. మొదటి నెల ఏమీ లేదు. రెండో నెలా అంతే. మూడో నెల స్క్రీన్ మీద నల్లటి గుండ్రటి మచ్చ ఒకటి కనిపించింది. తర్వాతి స్కాన్‌కు ఇంకా పెద్దదైంది. డాక్టరు గారి కంటే ముందే నేను, "పెరిగింది మేడమ్" అనేశాను.

"ఏందక్కా, ఏమైంది?" అంటూ సువార్త తల ఎత్తింది.

డాక్టరు గారు స్క్రీన్ ఆమె వైపు తిప్పారు. "ఇదిగో, నీ అండం ఇందులోనే ఉంది."

ఆమె రెప్ప వేయకుండా చూసింది. "ఆయన్ని కూడా పిలువు అక్కా, చూస్తాడు."

ఆ నెల అండం విడుదలైంది. తర్వాత నెలసరి రాలేదని సువార్త వచ్చింది గానీ ఆమెకు నమ్మకం లేదు. "రాకపోవడం నాకు కొత్తా అక్కా?" అంది. గర్భం నిలిచిందో లేదో యూరిన్ కిట్‌తో చూశాను. రెండు గీతలు వచ్చాయి. బయటికి పరిగెత్తి చెబితే ప్రసాదు మెట్టు మీద కూర్చుండిపోయాడు.

వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. అప్పటినుంచి పిల్లల కోసం వచ్చేవాళ్లను పెళ్లయి ఎన్నేళ్లయిందని నేను ముందు అడగను. నెలనెలా సరిగ్గా వస్తోందా అని అడుగుతాను.