షుగర్ కాదు, బెల్లం

2022 మే నెల. టెక్సస్‌లో ఫ్రిస్కోకి ఉత్తరాన, కొత్త ఇళ్ళు ఇంకా పూర్తిగా మింగెయ్యని చోట, కొన్ని గుర్రాల ఫారాలు మిగిలి ఉన్నాయి. ఆ ఫారాల చుట్టూ తిరిగే గుర్రాల డాక్టర్ని నేను. తిరుపతిలో చదివి, ఇక్కడికొచ్చి పరీక్షలన్నీ మళ్ళీ రాసి, అప్పటికి పద్నాలుగేళ్ళు. తెలుగువాళ్ళ గుర్రాన్ని చూడటం మాత్రం అదే మొదటిసారి. వీళ్ళకి నాకంటే మంచి డాక్టర్ దొరకదని మురిసిపోయాను కూడా. తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

గుర్రం పేరు రాణి. యజమాని మాధవి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రాణిది కాబ్ జాతి. పొట్టిగా, బలంగా ఉంటుంది, గిట్టల మీదికి ఒత్తుగా వెంట్రుకలు. ఇంగ్లండ్, ఐర్లండ్‌లలో ఊరూరా తిరిగే సంచారులు తమ బళ్ళు లాగడానికి తరాల తరబడి పెంచుకున్న గుర్రాలివి. రోడ్డు పక్క గడ్డి తిని రోజంతా నడవాలి గనుక, తిన్న ప్రతి పరకనూ ఒంట్లో దాచుకుంటాయి. అలాంటిదాన్ని పచ్చికలో ఊరికే నిలబెట్టి మేపితే ఆ గుణమే ప్రాణం మీదికి తెస్తుంది.

రాణి కుంటుతోంది. ముందు గిట్టలు వేడిగా ఉన్నాయి. రక్తపరీక్షలో ఇన్సులిన్ ఎక్కువగా వచ్చింది. లామినైటిస్ అని చెప్పాను. అంటే, గిట్టను లోపలి ఎముకకు పట్టి ఉంచే పొర వాచి సడలిపోవడం. ముదిరితే ఎముక కిందికి జారుతుంది. తీపి ఎక్కువైతే కాబ్‌లకు ఇది తొందరగా వస్తుంది.

మాధవి నాన్న అప్పారావు గారు అప్పుడు అనకాపల్లి నుంచి వచ్చి ఉన్నారు. రోజూ రాణికి ఇంట్లో ఉండలు చేసి తెచ్చేవారు. ఉడికించిన ఉలవలు, తవుడు, పంచదార. డబ్బా మూత తీసి నాకు చూపించారు.

"మా నాన్న జట్కా తోలీవోడమ్మా. గుర్రానికి గుగ్గిళ్ళు పెట్టకుండా తను తినీవోడు కాదు. ఈ ఊర్లో నాకు మాటాడ్డానికి ఇదొక్కర్తే ఉంది."

ఉండలు పూర్తిగా మానెయ్యమనడానికి నాకు నోరు రాలేదు. పైగా ఇంకో ఫారంకి టైమైపోతోంది. "ఉలవలు గుప్పెడైతే ఫర్వాలేదు అంకుల్. షుగర్ మాత్రం అసలు వద్దు. ఒక్క చెంచా కూడా," అన్నాను.

"అలాగేనమ్మా. నాకూ సుగరే. పదేళ్ళయ్యింది ముట్టుకుని."

మూడు వారాలకు మాధవి ఫోన్ చేసింది. వెళ్ళేసరికి రాణి పడుకుని ఉంది, లేవడం లేదు. ఎక్స్‌రే తీశాను. రెండు ముందు కాళ్ళలోనూ ఎముక కొన గిట్ట అడుగును చీల్చుకుని వస్తోంది. ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇచ్చి బాధ తప్పించడం తప్ప చేసేదేమీ లేదు. పక్కనే అదే డబ్బా. ఈసారి ఉండలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి.

"ఇదేంటి అంకుల్?"

"మీరు సుగరు వద్దన్నారు కదమ్మా. ఆ రోజే మానీసేను. ఇది మా ఊరి బెల్లం. నేనూ కాఫీలో ఇదే ఏసుకుంటాను. బెల్లం మంచిదే కదా?"

రుచి కుదిరిందని రాణి రోజుకు పది తినేదట.

మనకు షుగర్ అంటే జబ్బు, లేకపోతే పంచదార. బెల్లం దేవుడికి పెట్టేది, బాలింతకు పెట్టేది. మా అమ్మ కూడా అంతే. ఇది అమెరికన్ డాక్టర్‌కి తెలియకపోతే తప్పు లేదు, నాకు తెలియాలి. "తీపి వద్దు" అంటే సరిపోయేది.

మాధవి ఏడుస్తూనే విరుచుకుపడింది. "డాక్టర్ గారు అంత క్లియర్‌గా చెప్పారు కదా నాన్నా. ఎవరి మాటా వినవు నువ్వు. నువ్వే చంపేశావు దాన్ని."

అప్పారావు గారు నా వైపు తిరిగారు. "సుగరనే కదమ్మా అన్నారు?"

అవును, పొరపాటు నాది అనాలి. లైసెన్సు, కోర్టు కేసు, ఇన్నేళ్ళ పేరు ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. తలవంచుకుని సిరంజిలోకి మందు ఎక్కించాను. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆయన తప్పే అని నేను పూర్తిగానే ఒప్పుకున్నట్టయింది. ఆయన మళ్ళీ అడగలేదు. రాణి తల ఒళ్ళో పెట్టుకుని, "పోనీలే తల్లీ, పోనీలే" అంటూ కూర్చున్నారు. రెండు వారాల్లో టికెట్ మార్చుకుని వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఏ ఫారంకి వెళ్ళినా పంచదార, బెల్లం, తేనె, ఖర్జూరం అని పేరుపేరునా చెబుతాను. తెలుగులో కాగితం కూడా అచ్చు వేయించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అది. వైద్యంలో తప్పు చేస్తే దిద్దుకోవచ్చు. ఆ తప్పును ఇంకొకరి నెత్తిన పడనిస్తే, రోజు గడిచేకొద్దీ నోరు విప్పడం కష్టమవుతుందని ఆ కేసు నాకు నేర్పింది. నేర్చుకున్నాను గానీ నోరు విప్పలేదు.

మొన్న మాధవి కొత్త గుర్రాన్ని చూడమని పిలిచింది. "వచ్చే నెల నాన్న వస్తున్నారు. భయపడకండి డాక్టర్ గారూ, ఈసారి ఆయన్ని ఇక్కడికి రానివ్వను," అని నవ్వింది.

నేనూ నవ్వాను.