హార్మోనియం మేష్టరు తాళం వేసి దాచుకున్న నాటకం

మా చిన్నప్పుడు... మా నాయన మీసం తీసేశాడంటే చాలు, నాటకం నెల పడిందని లైన్ ఇళ్ళన్నిటికీ తెలిసిపోయేది.

ఆరు రోజులు గనిలోకి దిగే మనిషి, ఆదివారం మధ్యాహ్నం అమ్మ చీర భుజాన వేసుకుని రాణి అయిపోయేవాడు. కేజీఎఫ్ బంగారు గనుల దగ్గర మా కార్మికుల లైను వాళ్ళు ఏటా ఆడే పద్యనాటకంలో తొమ్మిదేళ్ళుగా రాణి పార్టు ఆయనదే. ఆయన రాగం తీస్తే వంటింట్లో అమ్మ గరిటె పక్కన పెట్టి వచ్చేది.

నేర్పేది టేకల్ వైపు నుంచి వచ్చే హార్మోనియం మేష్టరు. నాటకం మొత్తం ఆయన పుస్తకంలో ఉండేది. దాన్ని గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు. ఆడేవాళ్ళకు ఎవరి పార్టు వాళ్ళకే చీటీల మీద రాసిచ్చేవాడు. ఎదుటివాడి మాటలో చివరి రెండు ముక్కలు, దాని కింద నీ పద్యం... అంతే! పుస్తకం మొత్తం చేతికిస్తే ఇంక మేష్టరుతో పనేముంటుంది?

నేనప్పుడు ఆరో తరగతి. మా తెలుగు టీచరమ్మ పద్యనాటకం పాఠం చెబుతూ మధ్యలో ఆగింది. "పాఠంలో ఉండేది రెండే పేజీలు. పూర్తి నాటకం ఏదన్నా దొరికితే పాడుకుంటా చదవొచ్చు. ఎవరింట్లోనన్నా ఉండాదా?"

నేను బెంచీ మీద నుంచి లేచిపోయాను. "మా నాయన రాణి, టీచర్! నేను తెస్తా!"

క్లాసంతా చప్పట్లు. నా తలకు పొగరెక్కింది.

ఆ ఆదివారమే మేష్టరును అడిగాను. "పుస్తకం రెండు దినాలు ఇస్తారా? స్కూల్లో రాసుకొని ఇచ్చేస్తాం."

ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. అందరి ముందూ నాయన మీద పడ్డాడు. "ఏమప్పా, బిడ్డను పంపి నా పుస్తకం కొట్టేయాలని చూస్తుండావా? నా కడుపు మీద కొడతావా?"

"అయ్యో, లేదు సామీ... బిడ్డ తెలీక అడిగింది."

"చీటీలు ఈడ పెట్టు. ఇంగ రాణి పార్టు వేరేవాడికి."

నాయన చీటీలు కింద పెట్టేసి నా చెయ్యి పట్టుకుని ఇంటికి వచ్చేశాడు. దారిలో ఒక్క మాట అన్నాడు. "నువ్వేం తప్పు చేయలేదులేమ్మా." తిట్టి ఉంటే బాగుండేది! వారానికి మీసం మళ్ళీ మొలిచింది. అది చూసినప్పుడల్లా మేష్టరు మీదే కోపం వచ్చేది. నీ పుస్తకం నీ పెట్టెలో ఉండగానే నీ నాటకం ఊరందరికీ పంచకపోతే చూడు... అనుకున్నాను.

పొడుగు నోటుబుక్కు పట్టుకుని పార్టు ఉన్న ప్రతి ఇంటికీ తిరిగాను.

"మేష్టరుకు తెలిస్తే నన్నూ తీసేస్తాడు కదమ్మా," అని రాజు వేషం మామ భయపడ్డాడు.

"ఎవరికీ చెప్పను మామా," అని ఒట్టు పెట్టి మరీ అబద్ధమాడాను.

ఒకరి చీటీలో పద్యం ముగిసే ముక్కలే ఇంకొకరి చీటీకి మొదట్లో ఉన్నాయి కదా... వాటిని పట్టుకుని ఒకటి తర్వాత ఒకటి అతికించుకుంటూ పోయాను. రాణి చీటీలు మాత్రం మేష్టరు తీసేసుకున్నాడు కదా. నాయన మొదట వద్దన్నాడు. నేను అన్నం మానేశాక గడప మీద కూర్చుని కళ్ళు మూసుకుని పాడాడు, నేను రాసుకున్నాను. రెండు నెలలకు నాటకం మొత్తం నా చేతిలో ఉంది.

క్లాసులో అందరం రాసుకున్నాం, చదివాం, స్కూల్ డేకి వేషాలు కట్టి ఆడాం కూడా. ముఖ్య అతిథిగా మేష్టరునే పిలవమని టీచరమ్మను బతిమాలింది నేనే. పాపం, ఆమెకు నా మనసులోది తెలియదు.

ఆయన శాలువా కప్పుకుని ముందు వరసలో కూర్చున్నాడు. మొదటి పద్యానికి మొహం మాడిపోయింది. మూడో పద్యానికి మొలతాడు దగ్గర తాళంచెవి తడుముకున్నాడు! అబ్బా... ఆ చెయ్యి తడుముకోవడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ పండగే.

"నా పుస్తకం ఎవరిచ్చినారు?" అని లేచి అరిచాడు.

రాణి వేషంలో ఉన్నది నేనే. "మీరే ఇచ్చినారు మేష్టరూ, చీటీ చీటీగా!" అన్నాను. హాలంతా నవ్వు.

వెనక గోడ దగ్గర నిలబడ్డ నాయన మాత్రం నవ్వలేదు. మరుసటి ఏడు మేష్టరు మా లైనుకు రాలేదు. నాటకమూ లేదు. తర్వాత గనులే మూతపడ్డాయి. నాయన మళ్ళీ రాణి కాకుండానే పోయాడు. పగ తీరింది నాకు, నాటకం పోయింది ఆయనకు. ఆ సంగతి నాకు తెలుసు.

ఇప్పుడు నేను కోలారులో తెలుగు టీచర్ని. ప్రతి ఏడూ పిల్లలకు ఆ నాటకం మొత్తం కాపీలు తీసి పంచుతాను. పోయిన నెల పక్కనే ఉన్న తమక నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. కాలేజీలో పాఠం చెబుతాడట. "మా తాత పుస్తకానికి చెదలు పట్టినాయి మేడం. మీ దగ్గర ఉండాదని చెప్పినారు..."

మేష్టరు మనవడు! కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. కాపీ కూడా ఇచ్చాను. మొదటి పేజీలో చీటీలిచ్చిన వాళ్ళందరి పేర్లూ ఉన్నాయి. అన్నిటికంటే పైన, రాణి... మునెప్ప, గని కార్మికుడు.

వాడు పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పాడు. "మా తాత పేరు యాడా లేదే మేడం?"

"లేదప్పా," అన్నాను.

ఆ పేరు రాద్దామని ఈ ముప్పై ఏళ్ళలో ఎన్నిసార్లు పెన్ను తీశానో... నాయన చీటీలు కింద పెట్టేసిన చెయ్యి కనబడుతుంది, మూసేస్తాను.

ఇప్పటి పిల్లలకు ఏ నాటకం కావాలన్నా ఫోన్లో దొరుకుతుంది, దాచేవాడూ లేడు, గడప మీద కూర్చుని పాడేవాడూ లేడు. మీ ఇళ్ళల్లోనూ ఇలా చల్లారని కోపం ఒకటి ఉండే ఉంటుంది... కింద రాయండి, చదువుతాను. క్షమించేయమని మాత్రం నాకు చెప్పకండి.