ఎవరూ చెయ్యి కలపని పహిల్వాన్

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు చెరుకు బండ్ల వరుసలో ఉన్నవాళ్లకు పనేమీ ఉండదు. ఎడ్లను విప్పి నాలుగు చెరుకాకులు వేసి, బండి నీడన గోనెసంచి పరుచుకొని, కాంటా దగ్గరికి పోయే వంతు కోసం కూర్చోవడమే. అట్లాంటి చోట మాటలు పెరుగుతాయి. నేను చెప్పే కాలంలో, అంటే డెబ్బైల మొదట్లో, ఏ మాట ఎక్కడ మొదలైనా చివరికి ఒక్కచోటికే వచ్చేది. మా దిక్కున పుట్టిన పహిల్వాన్లలో అందరికంటే పెద్దవాడు ఎవరు?

రెండు పేర్లే వినబడేవి. ఒకరు పోలీసు చర్యకు ముందు నుంచీ పేరున్న పెద్దాయన. దొరల ఇళ్ల నుంచి పాలు, బాదములు పోయించుకొని పెరిగిన మనిషి. ఆయన కుస్తీ పొద్దున మొదలైతే పొద్దుగూకేదాకా నడిచిన రోజులున్నాయని చెప్పేవాళ్లు. రెండోవాడు నిజామాబాదు పట్నం కుర్రవాడు, కొత్తగా పైకొచ్చినవాడు. పరుపు మీద కుస్తీ పడతాడు, కప్పులు తెస్తాడు, పేపర్లో ఫోటో పడుతుంది. ఒకరు మట్టి కాలం, ఇంకొకరు పరుపు కాలం.

ఈ ఇద్దరి మధ్యలో మా అన్న ఉన్నాడు. అతని పేరు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. మూడో పేరుగానైనా సరే, ఆ వరుసలో ఒక్కసారి అన్న పేరు చెప్పించాలని నేను ఎన్నో సీజన్లు కొట్లాడాను. అట్లా చెప్పించలేకపోయిన కథే ఇది.

మా దిక్కు జాతర కుస్తీల పద్ధతి తెలియనివాళ్ల కోసం ముందు అది చెప్పాలి. దున్ని మెత్తగా చేసిన చేన్లో జనం గుండ్రంగా కూర్చుంటారు. డప్పులు మోగుతుంటాయి. మొదటి కుస్తీలు పిల్లలవి. గెలిచినవాడికి కొబ్బరికాయ. పొద్దు వాలుతున్న కొద్దీ పెద్దవాళ్ల జోడీలు దిగుతాయి, ఇచ్చేది కూడా పెద్దదవుతుంది. ఆఖరు కుస్తీకి వెండి కడియం. ఆఖరు కుస్తీకి దిగాలనుకున్నవాడు పిడికెడు మట్టి ఒంటికి రాసుకొని, కుడిచెయ్యి ముందుకు చాపి జనం ముందు నుంచి ఒక చుట్టు తిరగాలి. పట్టదలచినవాడు లేచి ఆ చేతిలో చెయ్యి కొట్టాలి. అప్పుడు జోడీ కుదిరినట్టు. ఎవరూ కొట్టకపోతే కుస్తీ లేదు. కుస్తీ లేకపోతే కడియమూ లేదు, ఎందుకంటే ఎవరినో ఒకరిని చిత్ చేస్తే, అంటే వీపు నేలకు ఆనిస్తే తప్ప కడియం ఇవ్వరు. ఉత్తచేతులతో పంపడం మర్యాద కాదని అట్లాంటివాడికి పెద్దమనుషులు ఒక కొబ్బరికాయ చేతిలో పెడతారు. పొద్దున పిల్లలకు ఇచ్చినటువంటి కాయే.

యాభై ఆరులో కొత్త రాష్ట్రం ఏర్పడ్డ తర్వాతి జాతరలో అన్న మొదటిసారి పెద్ద జోడీలోకి దిగాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. ఒళ్లు చూస్తే పహిల్వాన్ అనిపించేవాడు కాదు. భుజాలు మాత్రం చెరుకు మోపులు ఎత్తీ ఎత్తీ దుంగల్లా ఉండేవి. జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు తప్ప బాదములు ఎట్లుంటాయో ఎరగడు. ఆ యేడు కడియం కోసం బిలోలి దిక్కు నుంచి ఒక మరాఠీ పహిల్వాన్ వచ్చాడు. ఆఖరు కుస్తీకి ముందు ఒళ్లు వేడెక్కాలని, నవ్వుతూ అన్న చేతిలో చెయ్యి కొట్టాడు. నేను అన్న అంగీ పట్టుకొని నిలబడి ఉన్నాను. అంగీ మడత పెట్టేలోపే బిలోలి ఆయన వీపు నేలకు ఆనింది. డప్పులవాళ్లు కూడా ఒక్క క్షణం దెబ్బ తప్పారు. ఆయన లేచి మట్టి దులుపుకొని, "పున్హా?" అని అడిగాడు, ఇంకోసారి పడదామని. పెద్దమనుషులు ఒప్పుకోలేదు. ఆయన కడియం కుస్తీకి నిలబడకుండానే బండెక్కి వెళ్లిపోయాడు.

ఆ మరుసటి యేడు అన్న కడియం కోసం చెయ్యి చాపి చుట్టు తిరిగాడు. ఒక్కరు లేవలేదు. పక్క ఊరి పహిల్వాన్లు భుజం మీది దస్తీలు సర్దుకుంటూ, నేల చూస్తూ, పక్కవాడితో ఏదో మాట్లాడుతూ ఉన్నారు. ఎవరెవరు తల దించుకున్నారో నాకిప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత వాళ్లలో ఇద్దరు కడియాలు పట్టారు. వాళ్ల మనవలు ఇప్పుడు ఆ కడియాలు చూపించుకుంటున్నారు.

ఆ పైయేడు పెద్దాయన వచ్చాడు. నలభై దాటాయి కాని కుస్తీ మానలేదు. ముందటి యేడు ఇంకో జాతరలో కడియం పట్టిన మనిషే. తల రుమాలు చుట్టుకొని పెద్దమనుషుల పక్కన కూర్చున్నాడు. అన్న చుట్టు తిరుగుతూ వచ్చి సరిగ్గా ఆయన ముందు ఆగాడు. చాపిన చెయ్యి అట్లాగే ఉంచాడు. పెద్దాయన లేచాడు. జనమంతా లేచింది. ఆయన అన్న చేతిని తాకలేదు. చెయ్యి పైకెత్తి అన్న తల మీద పెట్టి, ఏదో నెమ్మదిగా అని, కూర్చున్నాడు.

"దీవించిండు, దీవించిండు" అని జనం ఒకటే గోల. డప్పులు జోరందుకున్నాయి. అన్న చేతిలో కొబ్బరికాయ పడింది.

దీవెన కావలసినవాడు వంగి కాళ్లు మొక్కుతాడు. మా అన్న చెయ్యి చాపాడు. ఈ తేడా ఆ రోజు అంతమందిలో ఒక్కరికీ కనబడలేదంటే నేను నమ్మను. కనబడింది. పెద్దాయన పరువు దక్కింది, జాతర బాగా జరిగిందనిపించుకుంది. ఎవరికీ నష్టం లేదు, అన్నకు తప్ప.

ఇంకో యేడు కూడా తిరిగాడు, మళ్లీ కాయే. ఆ తర్వాతి జాతరనాడు డప్పుల సప్పుడు మా చేనుదాకా వినబడుతుంటే అన్న కాలువ నీళ్ల కోసం చెరుకులో బోదెలు సరిచేస్తూ ఉండిపోయాడు. నేను వెళ్లి పిలిచాను. "నీళ్ల వంతు మనదే గద, ఇడ్సిపెట్టి యాడికి వస్త" అన్నాడు. వంతు మరునాటిది. నాకు తెలుసు, అతనికీ తెలుసు.

ఇక బండ్ల వరుస సంగతి. కోటగిరి దిక్కు పటేల్ ఒకాయన మా ముందు బండిలో తరచూ తగిలేవాడు. గొంతు పెద్దది. పెద్దాయనకు వీరాభిమాని. ఎవరు ఏం చెప్పినా ఆయన చేతిలో ఒకే కొలబద్ద ఉండేది, కడియం.

"మీ అన్న మంచోడే, నేను కాదంటలేను. గని కడియం సూపెట్టు, ఒప్పుకుంట."

"కడియం యాడికెల్లి వస్తది పటేలా? ఎవడన్న చెయ్యి కలిపితె గద."

"గంత మంది భయపడ్డరంటవ్?"

"నువ్వు సూడలేదా? నువ్వు గాడనే ఉంటివి."

"నేను సూసింది కొబ్బరికాయ. పట్కపోయి పచ్చడి నూరుకోని తినుంటరు మీరు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మేము పచ్చడి నూరుకోలేదు. మా అవ్వ ఆ కాయలను పగలగొట్టనివ్వలేదు. లోపలి కుడుక ఎండి గలగలలాడేదాకా గూట్లో దాచింది. ఈ మాట ఆ రోజు పటేల్‌కు చెప్పాలనుకున్నాను. చెబితే దాని మీద ఇంకో నవ్వు నవ్వుతారని ఊరుకున్నాను.

పట్నం కుర్రవాడి మాట వస్తే పటేల్ ఇంకా రెచ్చిపోయేవాడు.

"గా పోరడు కుస్తీ పట్టెటందుకు ముందుగాల కాంటా ఎక్కాలెనట. తూకం సూసి జోడి కడ్తరట. మనిషా, చెరుకు బండా?"

"మన బండి లెక్కనే తరుగు గూడ తీస్తరేమో పటేలా" అన్నాడు ఎవరో. మళ్లీ నవ్వులు.

నాకు ఆ పద్ధతి నవ్వులాట అనిపించలేదు. దాని గురించి విన్నప్పటి నుంచీ నా మనసు అక్కడే తిరిగేది. అక్కడ జోడీని ఆటగాళ్లు ఎంచుకోరు, పెద్దలు చీటీ తీసి కడతారు. పడను అన్నవాడు ఓడినట్టే. తల దించుకొని దస్తీ సర్దుకుంటే సరిపోదు. తల మీద చెయ్యి పెట్టి తప్పించుకునే వీలు లేదు. మా అన్న ఒక పదిహేనేళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో. లేదా పదిహేనేళ్లు ముందు పుట్టి, పెద్దాయన ఎవరి చేతినీ కాదనని వయసులో ఎదురుపడి ఉంటే. ఏ కాలంలో పుట్టినా బాగుండేది, అతను పుట్టిన ఆ ఒక్క కాలంలో తప్ప.

"ఎవరి కాలం వాళ్లది" అని కొందరు సర్దిచెప్పేవాళ్లు. ఆ మాటంటే నాకు ఒళ్లు మండేది. కాలం ఉన్నవాళ్లు చెప్పుకునే మాట అది.

ఒక సీజన్‌లో, ఎండ ముదిరిన మధ్యాహ్నం, ఆ వాదం బాగా పెరిగింది. మామూలుగా అన్న ఈ మాటలకు దూరంగా ఎడ్ల దగ్గర కూర్చునేవాడు. ఆ రోజు నీళ్లు తాగడానికి మా దగ్గరికి వచ్చాడు. పటేల్ పట్టుకున్నాడు.

"మంచిగ దొర్కినవ్. నీ తమ్మునితోని మేం ఏగలేకపోతున్నం. నువ్వే చెప్పు, నీ నోటితోని. పెద్దాయిన పెద్దనా, నువ్వు పెద్దనా?"

అన్న చెంబు దించి మూతి తుడుచుకున్నాడు. నా దిక్కు చూడలేదు.

"గిందుల అడిగేదేముంది కాకా. ఆయినే పెద్ద."

"ఇన్నవా తమ్మీ?" అని పటేల్ నా తొడ మీద చరిచాడు. "ఖతం. ఇగ నోరు మూసుకో."

అప్పుడే వరుస కదిలింది. ఎడ్లను కట్టాం, కాంటా ఎక్కాం, చెరుకు దించాం. ఇన్నేళ్లుగా అతని తరఫున నిలబడి నలుగురిలో మాటలు పడింది నేను. నా కాళ్ల కింది నేలను అతనే లాగేశాడు.

ఖాళీ బండి కాలువ గట్టు ఎక్కాక ఇక పట్టలేకపోయాను.

"ఎందుకన్నవే గట్ల? నిన్ను సూసి చెయ్యి ఎన్కకు తీస్కున్నోడు నీకంటె పెద్దోడా?"

"ఆయిన ఓడిండు తమ్మీ" అన్నాడు.

"ఓడినోడు పెద్దోడెట్లయితడు?"

"శానమందితోని పట్టిండు. గెలిచిండు, ఓడిండు. ఎవని ముంగల తన బలం ఎంతనో ఆయినకు ఎరుకైంది. నాకేం ఎరుక? గా బిలోలాయినతోని పట్టిందొక్కటే. గదెంతసేపు, నువ్వు అంగి మడత పెట్టలేదు. గా ఎన్క నా పెయ్యిల బలం ఎంతుండెనో నాకే తెల్వదు. తెల్వంది ఎట్ల చెప్పాలెరా నలుగుట్ల?"

బండి గట్టు దిగుతుంటే అతనే మళ్లీ అన్నాడు.

"నువ్వు కడియం కడియం అంటవ్. నేను కడియం కోసం తిరగలే. ఎవడన్న గట్టోడు లేసి నన్ను కిందేస్తె సూద్దామని తిరిగిన. ఒక్కసారి. గంతే."

ఎడ్లను అదిలించి, చేన్లో జొన్న దంటు కోత గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు.

మళ్లీ సీజన్ వచ్చింది, మళ్లీ వరుసలో అదే మాట. నేను నోరు తెరవగానే పటేల్ "మీ అన్ననే ఒప్పుకున్నడు గద" అనేవాడు. ఆ రోజు బండిలో విన్నది చెబితే వాళ్ల ముఖాలు ఎట్లా మారేవో తెలియదు. చెప్పలేదు. చెప్పడానికి అది నా మాట కాదు. అందుకని పెద్దాయన కొత్త పద్ధతిలో పడితే నిలిచేవాడా, పట్నం కుర్రవాడు మట్టిలో పొద్దుగూకేదాకా నిలిచేవాడా అని వాళ్లు కొట్లాడుకుంటుంటే వింటూ కూర్చునేవాణ్ని. ఆ ఇద్దరికీ ఒకరి తర్వాత ఒకరు ఎదురు నిలిచినవాళ్లు ఉన్నారు. పోల్చడానికి ఏదో ఒకటి మిగిలింది. నిజం చెప్పాలంటే ఆ వాదాన్ని చూసినా నాకు ఈర్ష్యగానే ఉండేది.

ఇప్పుడు ముగ్గురూ లేరు. పట్నం కుర్రవాడు కూడా ముసలితనం వచ్చి కన్నుమూశాడు. జాతరకు మాత్రం పోతూనే ఉంటాను. కొత్త పహిల్వాన్లలో ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు కనబడితే, మనసులోనే అన్నకు జోడీగా నిలబెట్టి చూస్తాను. అన్న కోరుకున్నట్టే, ఒక గట్టివాడు లేచి అతన్ని ఎత్తి కిందేయాలని, అన్న మట్టిలో వెల్లకిలా పడి నవ్వాలని అనుకుంటాను. పట్టు బాగానే మొదలవుతుంది. ఎదుటివాడు నడుము దొరకబుచ్చుకుంటాడు, అన్న మడమలు నేల విడుస్తాయి. అక్కడికి వచ్చేసరికి నాకు చేతకాదు. ఎంత గట్టివాణ్ని తెచ్చి నిలబెట్టినా, అన్న వీపును మాత్రం మట్టికి ఆననివ్వలేను.