గట్టెక్కినవాళ్లు

నిన్న పొద్దున మా పోతిరెడ్డిపల్లి వీధిలో మున్సిపాలిటీ వాళ్లు మోరీల వెంబడి బ్లీచింగ్ పౌడర్ చల్లుకుంటూ పోయారు. వాన వెలిసిన మర్నాడు ఎప్పుడూ చేసే పనే. ఆ ఘాటు వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చిందో లేదో, నేను చేతిలోని గరిటె అక్కడే వదిలేసి డాబా మెట్లు ఎక్కేశాను. పైకి చేరాక గానీ నేనేం చేశానో నాకే తెలియలేదు. కింద మా అమ్మాయి "మమ్మీ, చారు పొంగుతున్నది, ఎటు పోయినవ్?" అని అరుస్తోంది. ఇన్నేళ్లయినా ఆ వాసన తగిలితే నా కాళ్లు నన్నడక్కుండానే పైకి నడుస్తాయి. వాటికి ఆ బుద్ధి నేర్పినవారు సత్తయ్య సారు.

తొంభైల నడుమ పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక రసాయనాల కంపెనీలో నేను ల్యాబ్ కెమిస్టుగా చేరాను. సంగారెడ్డిలో అప్పుడే బీఎస్సీ ముగించాను, కాబట్టి ఆ షెడ్డులో నాకంటే చదివినవాళ్లు లేరన్న పొగరు బాగానే ఉండేది. సత్తయ్య సారు అక్కడ సేఫ్టీ చూసేవారు. కంది ఊరి వైపు వ్యవసాయ కుటుంబం. పదో తరగతితో చదువాపి, హెల్పరుగా వచ్చి, ఆపరేటరై, చివరికి ఆ కుర్చీదాకా వచ్చిన మనిషి. ఇంగ్లిషు కూడబలుక్కుని చదివేవారు. తెలియనిది తెలియదని చెప్పడానికి మాత్రం ఏనాడూ సిగ్గుపడలేదు. నాకు అదే వింతగా ఉండేది.

ఒకరోజు బయటినుంచి వచ్చిన ట్రైనింగ్ ఆయన బ్లీచింగ్ పౌడర్ ఘాటే ఉండే క్లోరిన్ గురించి పాఠం చెబుతూ, ఈ గ్యాసునే మొదటి ప్రపంచయుద్ధంలో యూరప్‌లో సైనికుల మీదికి వదిలారని ఒక్క ముక్క అని, టీ తాగడానికి వెళ్లిపోయాడు. మేమంతా ఆ మాట అక్కడే మర్చిపోయాం. సత్తయ్య సారు మాత్రం భోజనాల వేళ డబ్బా మూత కూడా తీయకుండా కూర్చున్నారు.

"సుజాతమ్మా, మనం రోజు తిప్పే వాల్వుల గ్యాసే కదా. దానితోని మనుషుల్ని సంపిండ్రా?"

"అవును సారూ, పుస్తకాల్లో ఉంటుంది."

"సచ్చినోళ్లు సరే. ఎవలన్న బతికిండ్రా? ఎట్ల బతికిండ్రు? గది కావాలె నాకు. ఆ యుద్ధం గురించి నా అసుంటోనికి సమజయ్యే పుస్తకం ఒకటి సూసి తీసుకురా బిడ్డా."

ఆ యుద్ధం నాకు పదో తరగతిలో నాలుగు మార్కుల ప్రశ్న. ఎవరో యువరాజును కాల్చారు, దేశాలు రెండు జట్లయ్యాయి, అంతే. అయినా బీఎస్సీ కదా! హైదరాబాదు కోఠిలో ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల్లో అన్నిటికంటే లావుగా, బంగారు అక్షరాలున్న పుస్తకం ఏరుకొచ్చి గొప్పగా బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని మెల్లగా తిప్పారు. మీసాల రాజులు, సంతకాలు పెడుతున్న మంత్రులు, బాణాలు గీసిన పటాలు.

"యుద్ధం జేయించినోళ్లంత ఉన్నరు. జేసినోళ్లేరి?" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. కోపం కూడా వచ్చింది. పదో తరగతి మనిషి నాకు పుస్తకం ఏరడం నేర్పుతాడా అనుకున్నాను. తర్వాతి ఆదివారం ఆయనే నాతో కోఠికి బస్సెక్కారు. అక్కడ ఆయన పద్ధతి చూసి దుకాణంవాడు నవ్వాడు. ఏ పుస్తకమైనా సరిగ్గా నడుమకు తెరిచి నా చేతికిచ్చేవారు. "ఒక్క పేజీ సదువు. సదివింది మా ఇంట్ల ముచ్చట చెప్పినట్టు చెప్పు." నేను తడబడితే పుస్తకం పక్కకు పోయేది. తప్పు నాది కాదు, పుస్తకానిదేననేవారు. ఏడో ఎనిమిదో పుస్తకం అట్ట ఊడిపోయినది, బడిపిల్లల కోసం తేలిక ఇంగ్లిషులో రాసినది, సన్నగా ఉంది. అందులో ఒక సైనికుడు బురదలో తడిసిన రొట్టె తింటూ ఇంటికి ఉత్తరం రాస్తున్నాడు. నేను ఆగకుండా చెప్పేశాను. "ఇగ ఇదే," అన్నారాయన.

రోజూ భోజనాలయ్యాక ఒక్కో పేజీ చదివి తెలుగులో చెప్పేదాన్ని. సైనికులు తవ్వుకుని దాక్కున్న కందకాలను నేను కాలువలన్నాను, వాటి అంచును గట్టన్నాను. సారుకు అర్థమయ్యేలా ఇంతకంటే ఏం చెబుతాం! గ్యాసు వదిలిన రోజు దగ్గరికి వచ్చాం. పచ్చటి మబ్బు నేలబారున వచ్చి కాలువల్లోకి దిగింది. భయంతో అడుగున పడుకున్నవాళ్లు చాలామంది లేవలేదు. "గట్టెక్కినవాళ్లలో ఎక్కువమంది మిగిలారు," అని తెలుగులో చెప్పి పేజీ తిప్పబోయాను.

ఆయన నా చేయి ఆపారు. "గట్టెక్కిండ్రంటే ఏంది? ఆపద దాటిండ్రనా, గట్టు మీదికి ఎక్కిండ్రనా?"

"రెండూ సారూ."

ఆయన పెన్సిల్ అడిగి తీసుకున్నారు. పేజీ అంచున ఒక మాట రాసుకున్నారు. "ఇది పొగ కాదు బిడ్డా. నీళ్ల అసుంటిది. పల్లానికి పారుతది. మనోళ్లకు చిన్నప్పటి నుంచి ఏం నేర్పిండ్రు? పొగొస్తే నేలకు వంగుమని. గట్ల వంగితే సస్తరు కదా!"

మర్నాటినుంచి మొదలుపెట్టారు. షెడ్డులో నిలబడి "గట్టెక్కు!" అని అరిస్తే అందరం గాలికి అడ్డంగా పోయి ట్యాంకు మెట్లు ఎక్కాలి. రెండుసార్లు ఎక్కాం, నవ్వుకుంటూ. పంపులు చూసే కిష్టయ్య "సారు మనకు యుద్ధం నేర్పుతున్నడు" అని ఒకటే వేళాకోళం.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం క్లోరిన్ పైపు జాయింటు ఒకటి వదిలింది. నేను శాంపిల్ తీసుకుని వస్తున్నాను. గొంతులో ఎవరో కారం కూరినట్టయింది. నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గు. చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని నేల మీద బోర్లా పడుకున్నాను. కట్టెల పొయ్యి ముందు మా అమ్మ నేర్పింది అదే. పుస్తకం చదివింది నేను, తెలుగు చేసింది నేను, పడుకున్నదీ నేనే.

సత్తయ్య సారు రెక్క పట్టి లేపారు. "లే! గట్టెక్కు!" అని ట్యాంకు మెట్ల మీదికి తోశారు. పైనుంచి చూస్తూనే ఉన్నాను. పంపు గుంతలో కిష్టయ్య తువ్వాలు మొహానికి చుట్టుకుని నాలాగే పడుకుని ఉన్నాడు. సారు మాస్కు కోసం పోలేదు. గుంతలోకి దిగారు. కిష్టయ్యను భుజానికెత్తి పైకి నెట్టారు. ఆయన పైకి రావడానికి మాత్రం ఇద్దరు లాగవలసి వచ్చింది.

కిష్టయ్య బతికాడు. సారూ బతికారు గానీ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఇంటి అరుగు ఎక్కడానికి కూడా రెండుసార్లు ఆగేవారు. చూడ్డానికి వెళ్లినప్పుడు ఏడుపు ఆపుకోలేక అడిగేశాను, గుంతలో ఏముందో తెలిసి ఎందుకు దిగారని.

"మర్సిపోయినోడు అండ్ల పండుకున్నడు. యాదికున్నోడు దిగకపోతే ఎట్ల?" అన్నారు. దగ్గు తగ్గాక నన్ను చూసి నవ్వారు. "సదువు కండ్లల్ల ఉంటే సాలదు బిడ్డా. కాళ్లల్లకు దిగాలె." నాలుగేళ్ల తర్వాత, ఒక చలికాలంలో పోయారు. పుస్తకాన్ని ఆయన భార్య నాకిచ్చింది.

నిన్న డాబా దిగి వచ్చాక దాన్ని బయటికి తీశాను. మా అమ్మాయి చూసి, ఆ యుద్ధం గురించి చదవడానికి ఇది మంచిదేనా అని అడిగింది. నడుమకు తెరిచి చేతికిచ్చి, ఇంట్లో ముచ్చట చెప్పినట్టు చెప్పమన్నాను. తడబడుతూనే చెప్పింది. చెబుతూ చెబుతూ, అంచున పెన్సిల్‌తో వంకరటింకరగా రాసిన మాట దగ్గర ఆగి, "ఈ 'గట్టు' ఎవలు రాసిండ్రు మమ్మీ?" అంది.

గట్టెక్కినవాళ్ల గురించి ఆ పేజీలో ఉంది. గట్టెక్కించడానికి దిగినవాళ్ల గురించి లేదు. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, మొదటినుంచి చెప్పాను.