పదకొండో అంతస్తు కామెంటు

వాసంతి చేసే పనేమిటని మూసాపేటలో ఎవరైనా అడిగితే వాళ్లమ్మ "కంప్యూటర్ల సూస్తది" అని ఊరుకునేది. అంతకంటే వివరంగా చెప్పడం వాసంతికీ కష్టమే. రాయదుర్గం మెట్రో దిగి నాలుగడుగులు వేస్తే వచ్చే అద్దాల భవనాల్లో ఒకదానిలో క్రెస్ట్‌వీర్ అనే కంపెనీ ఉంది. ఆ కంపెనీ గురించి నెట్‌లో ఎవరు ఏం రాశారో కనిపెట్టుకుని ఉండడం ఆమె ఉద్యోగం. నిజానికి కనిపెట్టేది ఒక టూల్. కంపెనీ పేరూ, పెద్దవాళ్ల పేర్లూ, ఇంకొన్ని మాటలూ కీవర్డ్‌లుగా ఇచ్చి పెడితే, అవి ఏ మూల కనిపించినా పట్టుకొచ్చి ఆమె ముందు పడేస్తుంది. పొగిడితే పచ్చరంగు, తిడితే ఎరుపు. రోజూ పొద్దున్నే దాని మీద రిపోర్టు రాసి మేనేజరు ప్రశాంత్‌కి పంపాలి.

వాసంతి నాన్న పుల్లయ్య మూసాపేటలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. పార్కింగు పక్కనున్న గదిలోనే ఆమె పెరిగింది, చదివింది, ఇప్పటికీ ఉంటోంది. ఆఫీసులో మాత్రం "మూసాపేటలో అపార్ట్‌మెంట్" అని చెప్పింది. అది అబద్ధం కాదు కదా అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

ఆ ఏడు చలికాలంలో ఒక క్యాబ్ డ్రైవరు కంపెనీని తిడుతూ తెలుగులో పెట్టిన పోస్టు ఊరంతా తిరిగాక గానీ ఆఫీసుకు తెలియలేదు. ప్రశాంత్‌కి పైవాళ్లు బాగా అక్షింతలు వేశారు. ప్రొద్దుటూరు నుంచి వచ్చి సొంతంగా పైకెక్కిన మనిషి. మాట పడడం అతనికి కొత్త.

"ఇంత డబ్బు పోసి కొన్న టూల్‌కి ఇది కనపడ్లేదా?" అన్నాడు మీటింగులో.

"అది సరైన స్పెల్లింగే వెతుకుతుంది సర్. మనోళ్లు అట్ల రాయరు, అట్ల అనరు కూడా," అంది వాసంతి.

"అయితే ఎట్లంటారో నువ్వే నేర్పించు దానికి."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆమె ఫోను పట్టుకుని అమ్మ ముందు కూర్చుంది. "అమ్మా, మా కంపెనీ పేరు చెప్పు."

"కిష్టవీరు," అంది అమ్మ, చిక్కుడుకాయలు తుంచుతూ.

ఫోనులోని మైకు ఆ మాటను "కిష్ట వీరు" అని రాసింది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నాన్నను కూడా పిలిచి అడిగితే ఆయన "కిరస్టిరు" అన్నాడు. సిక్కూర్టి, సూపరేజరు, పరేషాన్ జేస్తున్నరు, మనుషుల లెక్క సూస్తలేరు. తన ఇంట్లో పుట్టినప్పటి నుంచీ వింటున్న మాటలన్నీ వాసంతి టూల్‌లోకి ఎక్కించింది. ఇంతకాలం ఆఫీసులో నోరు జారి బయటపడతాయేమోనని భయపడిన మాటలకు అక్కడ ఇంత గిరాకీ ఉంటుందని ఆమె అనుకోలేదు. లోలోపల గర్వపడింది.

మార్చిలో మహిళా దినోత్సవానికి కంపెనీ ఒక వీడియో పెట్టింది. ఉద్యోగినులు గులాబీలు పట్టుకుని నవ్వుతున్న వీడియో. మర్నాడు టూల్ దాని కింద నుంచి ఒక కామెంటును ఎర్రరంగు వేసి తెచ్చింది. రాసినవారి పేరు ఉన్నచోట "దుర్గమ్మ తల్లి భక్తులు" అని ఉంది. ఫొటో ఉన్నచోట మందారపువ్వు.

"కిష్ట వీరు కంపెనీల మేము పదకొండో అంతస్తు బాత్రూములు కడుగుతం కానీ మాకు వొస్తే కిందికి బేస్మెంటుకు పోవాలె లిఫ్టుల పోనియ్యరు మోకాళ్లు గుంజుతున్నయి ఆడోళ్ల పండుగ అంటున్నరు మమ్ముల గూడ జర మనుషుల లెక్క సూడుండ్రి"

ఎక్కడా ఒక కామా లేదు, చుక్క లేదు. నోటితో చెప్తే ఫోను రాసుకున్నదని చూడగానే తెలిసిపోయింది. ఎవరు చెప్పారో కూడా తెలిసిపోయింది. తమ పదకొండో అంతస్తులోనే హౌస్‌కీపింగు చేసే కొమురమ్మకు మైకు బొమ్మ నొక్కి మాట్లాడడం నేర్పింది వాసంతే. జనగామ వైపు మనిషి. వాసంతి టీ పెట్టుకోవడానికి వెళ్లినప్పుడల్లా "తిన్నవా బిడ్డా?" అని అడిగేది. ఆ అంతస్తు మొత్తంలో ఆ మాట అడిగేది ఆమె ఒక్కతే. వాసంతి ఆమెను పెద్దమ్మా అని పిలిచేది.

మధ్యాహ్నం మీటింగుకు ప్రశాంత్‌తో పాటు హెచ్‌ఆర్ నుంచి శ్రావణి కూడా వచ్చింది. ప్రశాంత్ తెర మీద కామెంటు చూపించి, "టూల్ పాత లెక్కనే ఉండుంటే ఇది మనకు తెలిసేదే కాదు. క్రెడిట్ మొత్తం వాసంతిది," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అలా అందరూ తనవైపు తిరిగి చూడడం వాసంతికి అదే మొదలు.

"ఎవరో తెలిస్తే బాగుండేదండి. ఏమీ అనంలే, ఊరికే కూర్చోబెట్టి మాట్లాడదాం," అంది శ్రావణి.

ఎవరూ వాసంతిని అడగలేదు. ఆ మాట గాల్లోనే అన్నట్టుంది. రాసిందెవరో టూలూ చెప్పలేదు, మందారపువ్వూ చెప్పలేదు. ఆమె ఒక్క నిమిషం చేతుల్లోకి చూసుకుంటూ కూర్చుని ఉంటే మీటింగు అయిపోయేది.

"మా ఫ్లోర్ కొమురమ్మ అయ్యుంటది," అంది వాసంతి.

"సూపర్!" అన్నాడు ప్రశాంత్.

రెండ్రోజులకు కామెంటు మాయమైంది. కొమురమ్మ కూడా కనిపించలేదు. ఆమె బకెట్టు పట్టుకుని ఇంకొకామె వచ్చింది. వాసంతి అడిగితే, "ఆమెను ఖాజాగూడ సైటుకు ఏసిండ్రు మేడం. కొత్త బిల్డింగు. గాడ ఇంకా లిఫ్టు గూడ పెట్టలేదంట," అని చెప్పి, ఎక్కువ మాట్లాడితే తనకేమవుతుందో అన్నట్టు గబగబా పక్కకు వెళ్లిపోయింది.

ఇంతలో కంపెనీ ప్రతి అంతస్తులోనూ హౌస్‌కీపింగు వాళ్లకు ఒక బాత్రూము కేటాయించింది. తలుపుకు రిబ్బను కట్టి, ఫొటోలు తీసి నెట్‌లో పెట్టింది. అందరూ మెచ్చుకున్నారు. టూల్ నిండా పచ్చరంగు. నెలాఖరున అందరినీ హాల్లో కూర్చోబెట్టి వాసంతిని వేదిక మీదకు పిలిచి అద్దపు జ్ఞాపిక ఇచ్చారు. గోడవార హౌస్‌కీపింగు ఆడవాళ్లు సమోసాల పళ్లేలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఫొటో తీసేవాడు నవ్వమన్నాడు. వాసంతి వాళ్లవైపు చూడకుండా నవ్వింది.

ఇంట్లో పుల్లయ్య ఆ జ్ఞాపికను తువ్వాలుతో తుడిచి టీవీ మీద పెట్టాడు. పైన ఫ్లాట్లవాళ్లు కిందికి దిగినప్పుడల్లా లోపలికి పిలిచి చూపించాలని ఆయన ఆరాటం. "ఏం జేస్తే ఇచ్చిన్రు బిడ్డా?" అని అడిగాడు.

"పని మంచిగ చేసిన్నని," అంది.

"నా మాటలే గద దానికి నేర్పింది!" అంది అమ్మ మురిసిపోతూ. "నాక్కూడ సగం ఇయ్యాలె."

వాసంతి కంచం కడిగేసి బయటికొచ్చి కార్ల మధ్య నిలబడింది. అమ్మ దగ్గర మాటలు తీసుకెళ్లి అమ్మలాంటి ఇంకో మనిషిని పట్టించింది. ఎవరో బలవంతం చేసి ఉంటే కొంత నయం. ఎవరూ చేయలేదు. చప్పట్లు ఇంకొంచెంసేపు వినబడాలనిపించింది, అంతే. ఆ సంగతి తలచుకుంటే చీకట్లో కూడా ముఖం దాచుకోవాలనిపించింది.

శనివారం ఖాజాగూడ వెళ్లింది. చెరువు దాటాక గుట్టల పక్కన సగం అద్దాలు బిగించిన భవనం. కొమురమ్మ కింద మెట్ల మీద కూర్చుని మోకాళ్లకు ఏదో నూనె రాసుకుంటోంది. వాసంతిని చూడగానే ముఖం విప్పారింది.

"ఓ బిడ్డా! నన్ను దేవులాడుకుంట ఇంత దూరం వస్తివా? కూసో, కూసో."

వాసంతి కూర్చుంది. కొమురమ్మ ఆమె అడగకముందే చెప్పుకొచ్చింది. "ఏదో కడుపుమండి ఫోన్ల మాట్లాడిన. నా పేరు గిట్ల ఏం లేకపాయె. మరి గాళ్లకెట్ల ఎర్కైందో! ఎవలో నా మీద కన్నేసి చెప్పిన్రు బిడ్డా. గా సూపరేజరే అయ్యుంటడు."

"సూపర్‌వైజర్ కాదు పెద్దమ్మా. నేనే చెప్పిన."

కొమురమ్మ నూనె రాయడం ఆపింది. ఆమెకు మాట సరిగ్గా అందలేదేమోనని వాసంతి మళ్లీ చెప్పింది. టూల్ సంగతి, మీటింగు సంగతి, జ్ఞాపిక సంగతి కూడా చెప్పేసింది.

"నిన్ను ఎవలన్న బెదిరిచ్చిన్రా?" అని అడిగింది కొమురమ్మ.

"లే."

"నౌకరి తీస్తమన్నరా?"

"లే పెద్దమ్మా."

"మరి?"

వాసంతి మెట్టు మీది సిమెంటు దుమ్మును వేలితో గీస్తూ కూర్చుంది. కొమురమ్మ నూనె సీసాకు మూత పెట్టుకుంది. గోడ పట్టుకుని మెల్లగా లేచింది. తిట్టలేదు, ఏడవలేదు.

"ఇగ పో మేడం. మా సారొచ్చే యాళ్లయింది," అంది.

సోమవారం వాసంతి ప్రశాంత్ దగ్గరకు వెళ్లి కొమురమ్మను వెనక్కి తీసుకురమ్మని అడిగింది. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఆమెను పంపేసినారా? నాకు తెలియనే తెలియదు. హౌస్‌కీపింగంతా ఏజెన్సీ వాళ్లు చూసుకుంటారు. అయినా పేరు చెప్పింది నువ్వే కదా వాసంతీ?" అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు, గుర్తు చేసినట్టు అన్నాడంతే. ఆమె కదలకుండా నిలబడి ఉండడం చూసి ఏజెన్సీకి ఫోను చేశాడు. వాళ్లు ఒప్పుకున్నారు. కొమురమ్మ ఒప్పుకోలేదు. పదకొండో అంతస్తు తప్ప ఎక్కడైనా వేయమన్నదట. చివరికి మాదాపూర్‌లో ఇంకో ఆఫీసుకు, గ్రౌండ్ ఫ్లోరుకే వేశారని కొన్నాళ్లకు తెలిసింది. మోకాళ్లకైనా కాస్త సుఖం అనుకుంది వాసంతి. అలా అనుకునే హక్కు తనకు లేదని కూడా అనుకుంది.

తను ఎక్కించిన కీవర్డ్‌లు తీసేస్తానని అడిగి చూసింది. ప్రశాంత్ నవ్వాడు. "అవి టూల్ అమ్మినోళ్లకు తెగ నచ్చినాయి. తెలుగు కస్టమర్లందరికీ పెట్టేసినారు. ఇప్పుడు నువ్వు తీసేస్తే ఏమవుతుంది?"

ఉద్యోగం మానేద్దామనుకుంది, మానలేదు. ఆ జీతంతోనే ఇల్లు నడుస్తోంది. జ్ఞాపికను మాత్రం టీవీ మీద నుంచి తీసి బీరువాలో బట్టల కింద పెట్టింది. పుల్లయ్య ఎందుకని అడిగితే, పగిలిపోతుందని చెప్పింది.

వానాకాలంలో టూల్ ఇంకో ఎర్ర కామెంటు తెచ్చింది. ఎవరో సెక్యూరిటీ గార్డు, వానలో నిలబడే చోట గొడుగైనా లేదని రాశాడు. ఏ గేటో, ఏ మనిషో వాసంతి ఇట్టే పోల్చుకుంది. రిపోర్టులో గొడుగు సంగతి రాసింది. శ్రావణి సీటు దగ్గరికే వచ్చి, "ఈయన ఎవరై ఉంటారండీ?" అని అడిగింది.

"తెలియదండి," అంది వాసంతి.

శ్రావణి సరేనని వెళ్లిపోయింది. ఇంకేమీ జరగలేదు. ఆ మాట అనడం అంత తేలికా అని వాసంతి తెర వైపు చూస్తూ ఉండిపోయింది. ఎవరైనా చూస్తారేమోనని ముఖం కిందికి దించుకుంది.